పచ్చబడ్డ వేరు బుడిపెలు, ఆక్సిజన్ సంగతి: తప్పు కల్చర్‌దేనా?

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి వచ్చి బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే, అంటే స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుందని క్లాసులో చెప్పారు. ఆ ఎంజైము ఉన్న రైజోబియం, అజటోబాక్టర్ బాక్టీరియాలు ఆక్సిజన్ లేనిదే బతకవని కూడా చెప్పారు. రెండూ ఎట్లా నిజమవుతాయి? ఇంకోటి. మా చేన్లో చెనిక్కాయకు (వేరుశనగకు) విత్తేటప్పుడు రైజోబియం కల్చర్ పట్టించాం. నెల తర్వాత ఇరవై అయిదు రోజులు బెట్ట, ఆ వెంటనే ముసురు. ఇప్పుడు బుడిపెలు కోస్తే లోపల ఎరుపు లేదు, ఆకుపచ్చగా ఉన్నాయి. కల్చర్ మంచిది కాదు, డబ్బులు దండగ అంటున్నారు మా నాయన. నిజమేనా?"

అమ్మా, ముందు మీ నాయనకు చెప్పాల్సిన మాట చెప్తాను. పచ్చగా మారిన బుడిపెను చూసి కల్చర్‌ను తప్పు పట్టకూడదు. పనికిరాని బాక్టీరియా కట్టిన బుడిపె మొదటి నుంచీ లోపల తెల్లగా, పాలిపోయి ఉంటుంది. ఒకసారి ఎర్రబడి, ఆ ఎరుపు చెడిపోయినప్పుడే పచ్చ రంగు వస్తుంది. అంటే మీ చేన్లో బాక్టీరియా వేరులోకి దిగింది, కొన్నాళ్లు పని చేసింది, తర్వాత ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియాలంటే నీ మొదటి ప్రశ్న దగ్గరికే రావాలి.

నైట్రోజినేజ్ అంటే రెండు ప్రొటీన్ల జత. ఒకదానిలో ఇనుము ఉంటుంది, రెండోదానిలో ఇనుముతో పాటు మాలిబ్డినం కూడా ఉంటుంది. రెంటిలోనూ ఇనుము, గంధకం పరమాణువులు చిన్న చిన్న గూళ్లలా అల్లుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటేది ఈ గూళ్ల మీదుగానే. ఆక్సిజన్ వచ్చి వీటిని చెదరగొడుతుంది. శుద్ధి చేసిన ఎంజైమును గాలిలో పెడితే ఇనుము ప్రొటీన్‌లో సగం పాడవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. మాలిబ్డినం ఉన్నది కాస్త గట్టిది, దానికి పది నిమిషాల లెక్క. తర్వాత ఆక్సిజన్‌ను తీసేసినా పోయింది తిరిగి రాదు, కణం కొత్తగా కట్టుకోవాల్సిందే. నత్రజని స్థిరీకరించే కణంలో ఉన్న మొత్తం ప్రొటీన్‌లో పదో వంతు దాకా ఈ ఎంజైమే ఉండొచ్చు. అంత సరుకు ఒక్క నిమిషంలో పోతే ఆ కణానికి ఎంత నష్టమో ఆలోచించు.

ఇంత సున్నితమైనదాన్ని బాక్టీరియా ఎందుకు పట్టుకుని ఉందంటే, ఈ ఎంజైము మన గాలి కన్నా పాతది. గాలిలోకి ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా చేరింది దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట. నైట్రోజినేజ్ అంతకు ముందే పుట్టిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆక్సిజన్ వచ్చాక ఎంజైమును మార్చడం ఏ జీవికీ కుదరలేదు. దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లను మాత్రం ఒక్కో జీవి ఒక్కో రకంగా మార్చుకుంది.

ఆక్సిజన్‌ను పూర్తిగా మానేయొచ్చు కదా అంటావేమో. ఒక్క నత్రజని అణువును విరిచి రెండు అమ్మోనియా అణువులు చేయడానికి కనీసం 16 ఏటీపీలు, అంటే కణం శక్తి కోసం వాడుకునే అణువులు, ఖర్చు. ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును పులియబెట్టుకుంటే దక్కేది రెండో మూడో ఏటీపీలు. ఆక్సిజన్‌తో కాల్చుకుంటే ముప్పై దాకా వస్తాయి. క్లాస్ట్రిడియం అనే బాక్టీరియా ఆక్సిజన్ జోలికే పోకుండా బురదలో బతికేస్తుంది, దాని దారి సులువు, సంపాదన తక్కువ. రైజోబియం, అజటోబాక్టర్ రెండూ కష్టమైన దారి పట్టాయి.

ఇక్కడ ఒక తేడా పట్టుకో. పరీక్షల్లో చాలామంది పిల్లలు తప్పేది ఇక్కడే. ఆక్సిజన్ ఎంత నిలవ ఉంది అన్నది ఒక లెక్క, ఎంత వస్తూ ఖర్చవుతోంది అన్నది వేరే లెక్క. మన జిల్లాలో చీనీ తోటకు డ్రిప్ పెడతారు కదా. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్ కింద నీళ్లు నిలవవు, మడి కట్టదు. కానీ ఆ చెట్టు రోజంతా తాగుతూనే ఉంటుంది. పడ్డ చుక్క పడ్డట్టు వేరు పీల్చేస్తుంది. బుడిపె లోపల ఆక్సిజన్ పద్ధతి సరిగ్గా ఇదే. వచ్చే ఆక్సిజన్ చాలా ఎక్కువ, విడిగా తేలుతూ ఉండేది దాదాపు సున్నా. నైట్రోజినేజ్‌ను చంపేది విడిగా తేలే ఆక్సిజన్. ఏటీపీ ఇచ్చేది వస్తూ ఖర్చయ్యే ఆక్సిజన్. నువ్వడిగిన రెండు మాటలూ అందుకే ఒకేసారి నిజం.

ఇది బుడిపె లోపల ఎట్లా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, అసలు అందం ఇక్కడే ఉంది.

గది వేడిమిలో గాలి తగిలే నీటిలో లీటరుకు సుమారు 250 మైక్రోమోల్స్ ఆక్సిజన్ కరిగి ఉంటుంది. బుడిపె మధ్యలో, బాక్టీరియా నిండిన కణాల్లో, విడిగా ఉండేది కొన్ని పదుల నానోమోల్స్ మాత్రమే. అంటే పది వేల వంతుల్లో ఒక వంతు. రెండింటి మధ్య దూరం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ మొదటి కట్టడి బుడిపె పైపొరలది. అక్కడ కణాల మధ్య గాలి దారులు చాలా సన్నం, కొన్నిచోట్ల నీటితో నిండి ఉంటాయి. నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలో కన్నా పది వేల రెట్లు నెమ్మది. మొక్క ఆ దారుల్లో నీటిని పెంచి, తగ్గించి గేట్ వాల్వ్ తిప్పినట్టు తిప్పుతుంది. ఎండ బాగా కాసి ఆకు నుంచి చక్కెర బాగా దిగుతుంటే వాల్వ్ తెరుస్తుంది. ఆకు కోసినా, బెట్ట వచ్చినా, యూరియా ఎక్కువై నైట్రేటు పెరిగినా బిగిస్తుంది.

లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను అందుకునేది లెగ్‌హీమోగ్లోబిన్. నువ్వు కోసినప్పుడు కనిపించాల్సిన ఎరుపు అదే. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమే, కానీ మొక్క తయారు చేస్తుంది. 1939లో కుబో అనే జపాన్ శాస్త్రవేత్త ఆ ఎరుపు హీమోగ్లోబిన్ లాంటిదేనని గుర్తించాడు. మన కండరాల్లోని మయోగ్లోబిన్ కన్నా ఇది పది రెట్లకు పైగా గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆక్సిజన్‌ను దాచిపెట్టడం దీని పని అని కొన్ని నోట్సుల్లో రాస్తారు, అది సగమే సరి. ఇందులో నిలవ ఉండే ఆక్సిజన్ కొన్ని సెకన్ల ఖర్చుకే సరిపోతుంది. అసలు పని మోత. ఒక అంచు దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుని, బాక్టీరియా పొర దగ్గర దించి, ఖాళీగా తిరిగి వస్తుంది. విడి ఆక్సిజన్‌ను పెరగనివ్వకుండా మోసుకెళ్లే కూలీ అనుకో. 2005లో లోటస్ జపానికస్ అనే చిన్న మొక్కలో ఈ ప్రొటీన్ తయారీని ఆపేసి చూశారు. బుడిపెలు కట్టాయి. కానీ లోపల విడి ఆక్సిజన్ పెరిగింది, ఏటీపీ తగ్గింది, నైట్రోజినేజ్ లేకుండా పోయింది. మొక్క నత్రజని అందక పాలిపోయింది. అదే మొక్కకు నత్రజని ఎరువు ఇస్తే మామూలుగా పెరిగింది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది. విడి ఆక్సిజన్ పెరిగినా ఏటీపీ ఎందుకు తగ్గింది అన్నది కాసేపు కూర్చుని ఆలోచించు, ఈ అధ్యాయం మొత్తం తెలిసిపోతుంది.

ఇక బాక్టీరియా వైపు. అంత తక్కువ ఆక్సిజన్‌లో మామూలు ఆక్సిడేజులు, అంటే శ్వాసలో ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైములు, పని చేయవు. బుడిపెలో ఉన్నప్పుడు రైజోబియం సీబీబీ3 అనే ప్రత్యేకమైన ఆక్సిడేజ్‌ను తయారు చేసుకుంటుంది. ఏడెనిమిది నానోమోల్స్ ఆక్సిజన్ ఉన్నా అది సగం వేగంతో తిరుగుతుంది. ఆక్సిజన్ తగ్గిందన్న కబురు బాక్టీరియాకు చెప్పేది ఫిక్స్‌ఎల్ అనే ప్రొటీన్. అందులోనూ హీమ్, అంటే ఆక్సిజన్‌ను పట్టే ఇనుము ఉన్న భాగం, ఉంటుంది. హీమ్‌కు ఆక్సిజన్ అంటుకుని ఉన్నంతసేపూ అది ఊరుకుంటుంది. ఆక్సిజన్ వదిలిపోగానే ఫిక్స్‌జె అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి కబురు పంపుతుంది. దాంతో ఆ ప్రత్యేక ఆక్సిడేజ్ జీన్లు మేలుకుంటాయి. నైట్రోజినేజ్ జీన్లను లేపే నిఫ్‌ఎ అనే ప్రొటీన్ కూడా ఆక్సిజన్ తగ్గితేనే పని చేస్తుంది. మట్టిలో విడిగా ఉన్న రైజోబియం గాలి తగిలే చోట నైట్రోజినేజ్‌ను తయారే చేయదు, చేసినా వృథా అని దానికి తెలిసినట్టే.

1975లో కొన్ని ల్యాబ్‌లవాళ్లు అలసంద కుటుంబపు రైజోబియాన్ని మొక్క లేకుండా, ఆక్సిజన్ బాగా తగ్గించి పెంచితే అది నత్రజనిని స్థిరీకరించింది. మన చెనిక్కాయ బుడిపెల్లో ఉండేది కూడా ఆ గుంపుదే, బ్రాడీరైజోబియం. మొక్క చక్కెర ఇస్తుందని అందరూ చెప్తారు. ఆక్సిజన్‌ను తగుమాత్రంగా అందించడం కూడా అంత పెద్ద సాయమే.

ఇంత కట్టడి ఉన్నా కొంత ఆక్సిజన్ చేయి జారుతుంది. ఎలక్ట్రాన్లు అడ్డదారిన ఆక్సిజన్ మీద పడితే సూపర్ ఆక్సైడ్ అవుతుంది, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండూ కణాన్ని దెబ్బతీసేవే. లెగ్‌హీమోగ్లోబిన్ కూడా అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను వదిలేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని సూపర్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. బుడిపెలో ఇనుము బాగా ఉంటుంది కాబట్టి పెరాక్సైడ్ ఆ ఇనుముతో కలిస్తే ఇంకా ప్రమాదం. అందుకే ఆరోగ్యంగా ఉన్న బుడిపెలో వీటిని అణచే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, ఆస్కార్బేటు, గ్లూటాథయోన్ సమృద్ధిగా ఉంటాయి. ఇవన్నీ నడవడానికీ శక్తి కావాలి. చక్కెర అందడం ఆగిందంటే మొదట బలహీనపడేది ఈ కాపలానే. ఆ తర్వాత లెగ్‌హీమోగ్లోబిన్‌లోని హీమ్ దెబ్బతింటుంది, ఎరుపు పోయి పచ్చ వస్తుంది.

ఇప్పుడు మీ చేనికి రా. విత్తిన నెలకు బుడిపెలు ఎర్రగా పని మొదలుపెట్టి ఉంటాయి. బెట్ట మొదలవగానే ఆకులు ముడుచుకుని చక్కెర తయారీ తగ్గింది. బుడిపెలో చక్కెరను విరిచే సుక్రోజ్ సింథేజ్ మందగించింది. పైపొర వాల్వ్ బిగుసుకుంది. లోపలి బాక్టీరియాకు తిండీ తగ్గింది, ఆక్సిజన్ రాకా తగ్గింది. ఇరవై అయిదు రోజులు అట్లా గడిస్తే చాలా బుడిపెలు ముసలివైపోతాయి. దాని మీద ముసురు. మన ఎర్ర నేలలు వాన పడగానే పైన పెచ్చు కడతాయి, గాలి లోపలికి దిగదు. నీళ్లు నిలిచిన చోట ఆక్సిజన్ రాక ఇంకా పడిపోతుంది. నీళ్లు ఇంకి గాలి మళ్లీ ఒక్కసారిగా తగిలినప్పుడు బలహీనపడ్డ బుడిపె తట్టుకోలేదు. ఇందులో కల్చర్ తప్పు ఎక్కడుంది?

అయితే కల్చర్ వల్లే ఆ బుడిపెలు కట్టాయని కూడా నేను చెప్పను. ఏళ్ల తరబడి చెనిక్కాయ, అలసంద, కంది వేసిన నేలలో ఈ బ్రాడీరైజోబియం సహజంగానే ఉంటుంది. ప్యాకెట్‌లోది కట్టిందా, నేలలోది కట్టిందా అన్నది కంటితో చూసి చెప్పలేం. ఈ పంట ఎప్పుడూ వేయని కొత్త చేలో కల్చర్ ఫలితం బాగా కనిపిస్తుంది. పాత చేలో తక్కువ. కర్నూలు నల్లరేగడిలో మొదటిసారి శనగ వేసేవాళ్లు మాత్రం శనగ కల్చరే వాడాలి. దాని బాక్టీరియా మీసోరైజోబియం, అది వేరే జాతి. చెనిక్కాయ ప్యాకెట్ దానికి పనికిరాదు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను, నీకు ప్రాజెక్టులో ఉపయోగపడుతుంది. చాలా ఏళ్ల కిందట రాప్తాడు వైపు చేలల్లో మొక్కలు పీకి, మట్టి దులిపి, సంచిలో వేసుకుని బస్సులో అనంతపురం తెచ్చేవాళ్లం. ల్యాబ్‌లో బుడిపెలు తెంపి, నైట్రోజినేజ్ ఎంత పని చేస్తుందో కొలిచే ఎసిటిలీన్ పరీక్ష పెట్టేవాళ్లం. రీడింగులు మరీ తక్కువ. ఈ నేలల్లో బుడిపెలే బలహీనమని రెండు సీజన్లు నమ్మాను. ఒకసారి చేలోనే, వేర్లు కదపకుండా మట్టితో సహా తవ్వి, అక్కడికక్కడే సీసాలో పెట్టి చూస్తే లెక్క మారిపోయింది. మొక్కను పీకి కుదిపితే చాలు, పైపొర వాల్వ్ బిగుసుకుంటుంది. ఎసిటిలీన్ తగిలినా కొన్ని నిమిషాల్లో అదే జరుగుతుంది. నేను కొలిచింది నేల సత్తువను కాదు, నా చేతి దెబ్బను. అప్పటి నుంచి పిల్లలెవరికైనా మొదట చెప్పేది ఇదే: పీకొద్దు, తవ్వు.

అజటోబాక్టర్ సంగతి పూర్తిగా వేరు. దానికి మొక్క లేదు, బుడిపె లేదు, గాలి తగిలే మట్టిలోనే నత్రజనిని స్థిరీకరిస్తుంది. 1901లో బైజరింక్ దీన్ని వేరు చేసినప్పటి నుంచి ఈ చిక్కు అందరినీ వేధించింది. దాని మొదటి ఉపాయం, ఆక్సిజన్ లోపలికి వచ్చేలోపే పొర దగ్గర కాల్చేయడం. జీవులన్నిటిలో అత్యంత వేగంగా శ్వాసించేవాటిలో ఇది ఒకటి. సైటోక్రోమ్ బీడీ అనే ఆక్సిడేజ్‌తో ఏటీపీ పెద్దగా రాకపోయినా చక్కెరను కాల్చిపారేస్తుంది. రెండో ఉపాయం, ఆల్జినేట్ అనే జిగురు పూత. మూడోది నాకు మరీ ఇష్టం. ఆక్సిజన్ ఒక్కసారిగా పెరిగితే షెత్నా ప్రొటీన్ అనే చిన్న ఇనుము గంధకం ప్రొటీన్ వచ్చి నైట్రోజినేజ్‌కు అతుక్కుంటుంది. ఎంజైము పని ఆగిపోతుంది కానీ పాడవదు. ఆక్సిజన్ తగ్గాక విడిపోయి మళ్లీ పని మొదలవుతుంది. వాన రాబోతుంటే కల్లంలో కాయ మీద పట్ట కప్పి, తగ్గాక తీసినట్టు.

దీని ఖర్చు మాత్రం భారీ. ఒక గ్రాము చక్కెర కాలిస్తే అజటోబాక్టర్ పది నుంచి ఇరవై మిల్లీగ్రాముల నత్రజనిని మాత్రమే ఇస్తుంది. అందుకే సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని మన ఎర్ర నేలల్లో ఊరికే అజటోబాక్టర్ చల్లి ఎరువు మానేయొచ్చు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దని రైతులకు చెప్తాను. కాల్చడానికి పిడికెడు ఎరువు లేని నేలలో అది ఏం కాలుస్తుంది? పశువుల ఎరువు బాగా వేసిన చేలో వాడితే అర్థం ఉంది.

అజోస్పిరిల్లం అనే బాక్టీరియా ఇంకో రకం. అది ఆక్సిజన్‌తో పోరాడదు, సరిపడే చోటికి ఈదుకుంటూ పోతుంది. దీన్ని నువ్వే ల్యాబ్‌లో చూడొచ్చు. వంద మిల్లీలీటర్లకు 0.2 గ్రాముల లోపు అగార్ వేసి, నత్రజని లేకుండా, మాలేటుతో మెత్తటి మాధ్యమం చెయ్యి. జొన్న వేరు ముక్క కడిగి అందులో వేసి కదపకుండా పెట్టు. రెండు మూడు రోజులకు పైనుంచి కొన్ని మిల్లీమీటర్ల లోతులో తెల్లటి సన్నని పొర కనిపిస్తుంది. పైన ఆక్సిజన్ ఎక్కువ, కింద మరీ తక్కువ, సరిపోయేది ఆ గీత దగ్గరే. నత్రజని స్థిరీకరణ పెరిగేకొద్దీ ఆ పొర మెల్లగా పైకి జరుగుతుంది. బ్రెజిల్‌లో యోహన్నా డోబరైనర్ ఈ పద్ధతితోనే దాన్ని గడ్డిజాతి వేర్ల నుంచి వేరు చేసింది. మొదటిసారి ఆ పొరను చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. ట్యూబును పట్టుకున్న చేయి కదపడానికి కూడా భయపడ్డాను.

కర్నూలు, కడప మధ్య కేసీ కెనాల్ కింద వరి మళ్లలో అజొల్లా అనే నీటి మొక్క వేస్తారు కదా. దాని ఆకులో ఉండే నీలి ఆకుపచ్చ నాచుది ఇంకా చిత్రమైన కష్టం, తనే ఆక్సిజన్‌ను తయారు చేస్తుంది. అందుకే గొలుసులో కొన్ని కణాలు వేరుపడి, ఆక్సిజన్ పుట్టించే పని మానేసి, మందమైన కొవ్వు గోడ కట్టుకుని నత్రజని పనికే కూర్చుంటాయి. సరుగుడు వేర్లలో బుడిపెలు కట్టే ఫ్రాంకియా అనే బాక్టీరియా కూడా విడిగా పెరిగేటప్పుడు ఇట్లాంటి కొవ్వు పొరలనే చుట్టుకుంటుంది. ఇవి నీ సిలబస్‌లో వివరంగా ఉంటాయి, ఇక్కడ ఆపుతాను.

మీ చేనికి ఇప్పుడు చేయగలిగింది ఏమిటంటే, పదును ఆరి కాలికి మట్టి అంటని రోజు చూసి గుంటకతోనో దంతెతోనో పైన పెచ్చు పగలగొట్టండి. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగిన తర్వాత అయితే సాళ్ల మధ్య దున్నకండి, ఊడలు తెగుతాయి. నీళ్లు నిలిచిన చోట కాలువ తీయండి. ఆకు పాలిపోయిందని యూరియా ఎక్కువ చల్లితే ఉన్న బుడిపెలు కూడా ఆగిపోతాయి. వర్షాధారపు చెనిక్కాయకు విత్తేటప్పుడు ఎకరాకు వేసే 18 కిలోల యూరియా మొదటి మూడు వారాల కోసమే. లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపైతే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో ఇది మామూలే. ఇనుము లేకపోతే లెగ్‌హీమోగ్లోబిన్ లేదు, నైట్రోజినేజ్ లేదు, చెనిక్కాయలో బుడిపె ఎదగడమే ఆగిపోతుంది. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయమను.

వచ్చే ఏడు కల్చర్ పట్టించేటప్పుడు ముందు శిలీంధ్రనాశని పట్టించి ఆరనిచ్చి, తర్వాత బెల్లం నీళ్లతో ఎకరా విత్తనానికి 200 గ్రాముల కల్చర్ కలిపి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టిన ప్యాకెట్ కొనొద్దు.

నువ్వు ఈ ఆదివారం ఇంటికి పోతే చేనిలో పది చోట్ల పారతో మట్టితో సహా తవ్వి, బకెట్ నీళ్లలో మెల్లగా నాననిచ్చి వేర్లు తీయి. చెనిక్కాయ బుడిపెలు పక్కవేర్లు మొలిచే మూలల్లో ఉంటాయి. బాక్టీరియా అక్కడి పగుళ్ల గుండానే దిగుతుంది. పాత వేర్ల మీద ఉన్నవి పచ్చగానే ఉంటాయి, వాటిని వదిలెయ్. ముసురు తర్వాత వచ్చిన లేత తెల్లవేర్ల దగ్గర ఆవగింజంత కొత్త బుడిపెలు ఉంటే వాటిని బ్లేడుతో కోసి, కోసిన వెంటనే రంగు చూడు. పది మొక్కల్లో ఎన్నింటికి ఎరుపు కనిపించిందో రాయి, విత్తిన తేదీ కూడా రాయి. దాన్ని బట్టి మీ నాయనకు మిగతా సంగతి చెప్తాను.